నలువది యనగా నెంత?

కిలో బియ్యమనగా నెంత యని మనలో నెవ్వరును వర్తకుని నడుగరు. దిల్‌సుఖ్‌నగరులో తూచినను, నల్లగొండలో తూచినను, కాశ్మీరమున తూచినను కిలో కిలోయే. తూనికరాతిపై ప్రభుత్వముద్ర యుండును. ముద్రలేని రాతితో తూచువానికి శిక్ష గలదు. లీటరు పాలనిన లీటరే, మీటరు గుడ్డ యనిన మీటరే. ఒక యంగడి మీటరుకంటె ఎదుటి యంగడి మీటరు నాలుగు వ్రేళ్లు పొట్టియని తెలిసినచో వీధిలో నెంతటి గలభా పుట్టునో వేఱుగ జెప్పవలసిన పనిలేదు. అయితే ఆ మీటరు గుడ్డనే కత్తిరించి, చొక్కాగా గుట్టి, మెడవెనుక నొక యంకె వేసి యమ్మునప్పుడు మాత్రము ఆ యంకెకు అర్థమేమని యడుగువాడును లేడు, చెప్పువాడును లేడు. ఈ యంశమును గూర్చి మా యభిప్రాయమును చదువరుల ముందుంచుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

విషయము స్వల్పమని కొందఱు తలంపవచ్చును. చొక్కా వదులైన నేమి, బిగువైన నేమి, దేశమున నింతకంటె పెద్ద కష్టములు లేవా యని ప్రశ్నింపవచ్చును. కలవు, కాదనము. కాని జూన్ మాసమున బడులు తెఱచునాటికి ముగ్గురు పిల్లలకు మూడు జతల బట్టలు, మూడు జతల నల్లబూట్లు కొనవలసిన యింటిలో ఒక జత బూట్లు పనికిరాకపోవుట స్వల్పవిషయము కాదు. ఆ సొమ్ము ఆకాశమునుండి ఊడిపడినది గాదు. అది తండ్రి రాత్రివేళ చేసిన పనికి కూలి. తల్లి చీటీపాటలో కూడబెట్టిన మిగులు. దానిని వ్యర్థపఱచునది యొక తప్పుటంకె యైనచో, ఆ యంకెను గూర్చి ప్రశ్నించుట పెద్దల విధియే యగును.

మన నగరపు తూర్పుభాగమునే చూడుడు. మూసారాంబాగు మొదలుకొని దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేటల మీదుగా, లాల్‌బహదూరు శాస్త్రిగారి పేర వెలసిన ఎల్.బి. నగరు కూడలి వఱకు రహదారి కిరుప్రక్కల బట్టల దుకాణములును, చెప్పుల దుకాణములును వరుసతీరి యున్నవి. 2018వ సంవత్సరము సెప్టెంబరు 24వ తేదీన అమీర్‌పేట నుండి ఎల్.బి. నగరు వఱకు మెట్రో రైలు నడువ నారంభించిన పిమ్మట ఈ బాటకు రాకపోకలు మఱింత సుకరములైనవి. విజయవాడ రహదారి మీదుగా నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము వైపులనుండి వచ్చువారికి నగరద్వారము ఎల్.బి. నగరే. పోటీపరీక్షలకు చదువుకొనుటకై వచ్చి దిల్‌సుఖ్‌నగరు సందులలోని హాస్టళ్లలో నివసించు పడుచువాండ్రకు లెక్కలేదు. వీరు ఇంటర్వ్యూకు బోవుటకై యొక తెల్లచొక్కా, ఒక నల్లపంట్లాము, ఒక జత బూట్లు కొనుక్కొందురు. ఏడాదికి వారు కొను మంచిబట్ట బహుశః అదియొక్కటే.

ఇట్టి యువకు డొకడు అంగడిలోనికి బోయి తన సైజు నలువది యని చెప్పునని యనుకొందము. మొదటి యంగడిలో నలువది యంకెగల చొక్కా భుజములు దాటి జాఱును. వీధి కెదురుగా నున్న యంగడిలో నలువది యంకెగలదే తొడిగినచో గుండెమీది బొత్తాము పడదు. మూడవచోట అంకెలే యుండవు. యస్సు, యమ్ము, యెల్లు అను అక్షరము లుండును. ఒక తయారీదారుని యమ్ము వేఱొకని యెల్లుకంటె పెద్దది. కాలిబాట మీద నమ్ముచోట తొడిగి చూచుకొనుటకు గది యుండదు. అచ్చటి యమ్మకపువాడు చమత్కారి. వదులుగా నున్నదనినచో “ఉతికితే దగ్గరికొస్తది తమ్మీ” యనును. బిగువుగా నున్నదనినచో “తొడుగుతుంటే సాగుతది అన్నా” యనును. ఒకే గుడ్డ ఒకరి కొఱకు ముడుచుకొని, మఱియొకరి కొఱకు సాగు నేర్పు ఏ మగ్గము మీద నేర్చినదో మాకు దెలియదు. అతనిని నిందించుటలోను న్యాయము లేదు. ఆ యంకెను వేసినవాడు అతడు కాడు. కొనువానివలెనే అతడును దానిని నమ్మి తెచ్చుకొన్నవాడే.

ఇంతకు ఈ నలువది యనునది యేమి? ఇచ్చటనే చిక్కంతయు నున్నది. కాలరుగల చొక్కామీద, ముఖ్యముగా ఉద్యోగులు తొడుగు మేలురకపు చొక్కాలమీద, 39, 40, 42, 44 అను అంకెలు సాధారణముగా మెడచుట్టు కొలతను సెంటీమీటరులలో దెలుపును. నలువది సెంటీమీటరు లనగా పదునైదుముక్కా లంగుళములు. కోటుమీద నున్న 40 మెడను గూర్చినది కాదు. అది ఱొమ్ముచుట్టు కొలత, అదియు అంగుళములలో. అనగా నూటొక్క సెంటీమీటరులకు పైమాట. అల్లికబనియను వంటి పైచొక్కాలమీద 40 కూడ తఱచుగా ఱొమ్ము అంగుళములనే సూచించును. ఇక బూటుమీది 40 ఈ రెండును గాదు. అది యూరపుఖండపు లెక్క. దానిలో ఒక్కొక్క యంకె సెంటీమీటరులో మూడింట రెండు వంతులు. ఆ లెక్కను నలువది యనగా బూటుకుట్టు అచ్చు పొడవు ఇంచుమించు ఇరువదియాఱున్నర సెంటీమీటరులకు మించి, ఇరువదియేడుకు లోపల. ఒక్క మనిషి ఒక్క దినమున మూడు నలువదులు కొని, వానిలో ఒకటి మెడకు, ఒకటి ఱొమ్మునకు, ఒకటి పాదమునకు సంబంధించినదని యెఱుగకయే యిలు చేరును. ఇట్టి భాషను మన పిల్లవాడెవడైన గణితపు పరీక్షలో వ్రాసినచో, ప్రమాణము వ్రాయలేదని ఉపాధ్యాయుడు మార్కులు తగ్గించును గదా!

బూట్ల చరిత్ర మఱింత విచిత్రమైనది. మన దేశమున నేటికిని వ్యవహారములో నున్నది ఆంగ్లేయుల లెక్క. పూర్వము ఇంగ్లండులో మూడు యవగింజలను పొడవున వరుసగా బేర్చినచో ఒక అంగుళ మని లెక్క యుండెను. బూటుకొలతలో ఒక యంకెకును తరువాతి యంకెకును భేదము నేటికిని ఒక్క యవగింజయే. అనగా అంగుళములో మూడవవంతు. నాలుగంగుళములవద్ద సున్న యని మొదలుపెట్టి, పిల్లల బూట్లకు పదుమూడు వఱకు లెక్కించి, పిమ్మట మరల ఒకటినుండి పెద్దల లెక్క నారంభింతురు. ఈ లెక్క ననుసరించి పెద్దల 8 అనగా అచ్చు పొడవు సరిగా పదునొకండంగుళములు. ఆ బూటునే అమెరికావారు 9 అందురు. యూరపువారు 42 అందురు. మూడు గుర్తులును ఒకే డబ్బామీద ముద్రింపబడి యుండుట మన పిల్లలు చూచియే యుందురు. అయినను పొడవు మాత్రమే చెప్పబడినది. పాదపు వెడల్పును గూర్చి ఆ డబ్బా యేమియు బలుకదు.

ధాన్యపుగింజలతో కొలుచుట పాశ్చాత్యుల సొత్తు మాత్రమే కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ఎనిమిది యవల నడిమి వెడల్పు ఒక అంగుళ మని చెప్పబడియున్నది. అంతేకాక, మధ్యమప్రమాణముగల పురుషుని నడిమివ్రేలి నడిమిభాగపు వెడల్పును అంగుళమే యని యందు నిర్ణయింపబడినది. ఎవ్వని వ్రేలైన జాలునని ఆ గ్రంథకర్త యనలేదు, మధ్యమపురుషు డనియెను. ఒకరి చేయి పొడుగు, ఒకరి చేయి పొట్టి గనుక, కొలత నొకచోట స్థిరపఱపనిచో సంతలో న్యాయము నిలువదని అంత పూర్వకాలముననే మనవా రెఱింగిరి. పూలమ్మువద్ద మూర లెక్క నేటికిని గలదు. పొడుగుచేతులవారు కొలిచిన మూరయే కావలెనని కొనువారు నవ్వుచు బేరమాడుదురు. పూలవద్ద అది వినోదము. పూలమూరలో మోసపోయినను ఒక రూపాయియే పోవును. వేలరూపాయల బూట్లవద్ద ఎవరి మూర వారిది యనుట వినోదము కాదు.

ఈ చిక్కు మన తాతల కాలమున లేదు. దర్జీ మెడలో టేపు వ్రేలాడవేసికొని, గుండె, నడుము, చేయి, భుజము కొలిచి, చిన్నపుస్తకములో వ్రాసికొనువాడు. లేదా సరిపోయిన పాతచొక్కా నొకదానిని “ఆది”గా నిచ్చినచో దానిని బట్టి క్రొత్తది కుట్టువాడు. చెప్పులుకుట్టువాడు కాగితముమీద కాలు పెట్టించి చుట్టును గీత గీసికొనువాడు. అంకెతో పనిలేదు, బట్ట మనిషిని బట్టి పుట్టెను. తయారుబట్టలు వచ్చిన పిమ్మట మనిషి బట్టను వెదకుకొనవలసివచ్చెను. అమెరికాలో 1861 మొదలు 1865 వఱకు జరిగిన అంతర్యుద్ధమున లక్షలాది సైనికులకు త్వరగా దుస్తులు కుట్టవలసివచ్చినప్పుడు, సైనికుల కొలతలు దీసి, కొన్ని తరగతులుగా విభజించి కుట్టిరి. పురుషుల తయారుదుస్తుల సైజులు వ్యాప్తిలోనికి వచ్చుట కది యొక ముఖ్యకారణ మాయెను. అప్పటి యంకె కొలిచి వేసిన యంకె. అందుచేత దానికి విలువ గలదు. నేటి యంకె అట్టి కొలతనుండి దూరమై, తయారీదారుని యిష్టమున కధీనమైనది.

తయారీదారు లందఱును మోసగాండ్రని మా తాత్పర్యము కాదు. భేదములకు న్యాయమైన కారణములు గొన్ని కలవు. ప్రతి కర్మాగారమును తన గిరాకీదారు ఇట్టివాడని యొక మనిషిని నమూనాగా బెట్టుకొని, వానికి సరిపోవు చొక్కాను కుట్టి, దానినుండి పెద్దవియు చిన్నవియు లెక్కగట్టును. ఆ నమూనా మనిషి సన్ననివాడైనచో ఆ కర్మాగారపు బట్టలన్నియు సన్ననివే. గుడ్డను పెక్కు పొరలుగా బేర్చి ఒకే కత్తితో కోయునప్పుడు పై పొరకును క్రింది పొరకును కొంత తేడా వచ్చును. నూలుబట్ట ఉదుకులో కొంత కుంచించుకొనును. ఒంటిని పట్టియుండు ఫ్యాషనొకటి, వదులుగా నుండు ఫ్యాషనొకటి. రెంటికిని ఒకే యక్షరము. మఱియు మన యంగళ్లలోని బట్టలలో కొన్ని పరదేశముల కెగుమతి చేయుటకై కుట్టగా మిగిలినవి. వాని యమ్ము ఆ దేశపు మనిషి యమ్మే గాని మన సూర్యాపేట కుఱ్ఱవాని యమ్ము గాదు.

న్యాయముగాని కారణమును ఒకటి కలదు, అది ముఖస్తుతి. నడుము పెరిగినవాడు పెద్ద యంకెను చూచి మనసు చిన్నబుచ్చుకొనును. అందుచేత బట్టను పెద్దదిగా గుట్టి, యంకెను చిన్నదిగానే వేసిన, అతడు సంతోషించి మరల ఆ యంగడికే వచ్చును. 2010వ సంవత్సరమున అమెరికాలోని ‘ఎస్క్వైర్’ అను పత్రిక తరపున నొక రచయిత టేపు చేతబట్టుకొని, ముప్పదియా రంగుళముల నడుమని వ్రాసియున్న పంట్లాములను వివిధ దుకాణములలో గొలిచి చూడగా, వానిలో కొన్ని ముప్పదియేడును, కొన్ని అంతకు మించియు నుండి, ఒకటి నలువదియొక్క అంగుళముల వఱకు నుండెను. అంగుళ మనునది అక్షరమువంటి గుర్తు కాదు. అది చట్టబద్ధమైన కొలత. ఐదంగుళముల యసత్యమును నడుమునకు జుట్టుకొని తిరుగుట నాగరకత యనిపించుకొనునా? దర్జీకి ఆదిగా నిచ్చిన చొక్కా ఎవరికిని ముఖస్తుతి చేయదు. కావుననే అది సరిపోవును.

ఇక నష్టములను గూర్చి విచారింతము. ధననష్టము మొదటిది, దానిని జెప్పియే యున్నాము. దూరమునుండి వచ్చినవాడు వస్తువును మార్చుకొనుటకు మరల రాలేడు. రానుపోను బస్సుచార్జీయే చొక్కా వెలలో సగమగును. అంతర్జాలమున తెప్పించుకొనువారు తిప్పిపంపుట సులభమే. కాని ఆ పొట్లము వచ్చుటకును పోవుటకును అగు ఖర్చు తుదకు ఎవరో యొకరి వెలలో గలియకపోదు.

రెండవది శరీరనష్టము. మద్రాసులో 1948లో స్థాపింపబడిన కేంద్ర చర్మపరిశోధనాలయము వారు 2021 డిసెంబరు మొదలు 2022 మార్చి వఱకు దేశమందలి 79 స్థలములలో 1,01,880 మంది పాదములను యంత్రసహాయమున కొలిచిరి. భారతీయుల పాదములు సామాన్యముగా యూరపు, అమెరికా దేశస్థుల పాదములకంటె వెడల్పైనవని అందువలన దేలినది. వెడల్పు చాలక మనవారు పొడవు హెచ్చైన బూటును కొని, దాని త్రాళ్లను బిగించి నడచుచున్నారు. పరుగుపందెములలో పిల్లల మడమలు బొబ్బలెక్కుటకును, బొటనవ్రేళ్ల గోళ్లు నల్లబడుటకును సరిపడని బూట్లు కారణమగుట కలదు. అదే పరిశీలనలో మఱియొక సంగతియు వెల్లడియైనది. బాలికల పాదము పదునొకండవ యేటను, బాలుర పాదము పదునైదు పదునాఱేండ్లకును పూర్తి పరిమాణమునకు వచ్చుచున్నది. అనగా మన ఉన్నతపాఠశాలలో చదువు బాలురలో పెక్కుమంది పాదములు ఈ క్షణమున గూడ పెరుగుచునే యున్నవి. గతసంవత్సరపు అంకె ఈ సంవత్సరమునకు బనికిరాదు.

మూడవది మనస్సునకు గలుగు నష్టము. దీనిని పెద్దలు తఱచుగా గమనింపరు. అంగడిలో పదిమంది యెదుట “మీ సైజు మావద్ద లేదు” అన్నప్పుడు పదునాలుగేండ్ల బాలుడు తప్పు బట్టదని యనుకొనడు. తప్పు తన యొడలిదని యనుకొనును. లావుగా నున్నవాడు సిగ్గుపడును. సన్నముగా నున్నవాడు పిల్లల వరుసలో వెదకుకొమ్మని చెప్పించుకొని తలవంచుకొనును. ఒక యంగడిలో యమ్ము, ఇంకొక యంగడిలో రెండు యెక్సులు గల యెల్లు తనకు సరిపోయినచో, గడచిన పది నిమిషములలో తన దేహము మాఱలేదని అతనికి నచ్చజెప్పువారు గావలయును. బాలురారా, మీరు గట్టిగా జ్ఞాపక ముంచుకొనుడు: ఆ యక్షరము మీకు వచ్చిన మార్కు గాదు. అది యెవరో, ఎక్కడనో, మిమ్ము జూడకయే వ్రాసినది.

దీనికి ప్రతిక్రియ లేకపోలేదు. భారతీయుల కొలతలను భారతీయులనుండియే దీయవలెనని ప్రభుత్వమే ప్రయత్నించుచున్నది. నిఫ్ట్ అని పిలువబడు జాతీయ ఫ్యాషన్ విద్యాసంస్థ, పదునైదు మొదలు అఱువదియైదేండ్ల వఱకు వయస్సుగల స్త్రీపురుషులను ఇరువదియైదువేల మందిని దేహస్పర్శ లేకుండ యంత్రముతో కొలిచి, భారతదేశమునకు దగిన సైజుల పట్టిక నొకదానిని నిర్మించుటకు బూనుకొన్నది. ఇందులకై యెన్నుకొన్న ఆఱు నగరములలో మన హైదరాబాదును ఒకటి. మన నగరమున మాధాపురములో 1995 నుండి ఆ సంస్థ శాఖ గలదు. పాదములను కొలిచిన పరిశోధనాలయము వారును భారతమను పేరిటి మొదటి యక్షరమునే గ్రహించి “భ” అను పేరుతో నొక పద్ధతిని ప్రతిపాదించిరి. శిశువులు మొదలు పెద్దల వఱకు ఎనిమిది తరగతులు. పాదపు వెడల్పునకును అందు స్థానము గలదు. ఇవి కాగితములు దాటి కొత్తపేట యంగడి గోడవఱకు వచ్చిన దినమున మన చిక్కులలో సగము తీరును.

చట్టమును బొత్తిగా నోరు మెదపకుండ లేదు. 1956 నాటి తూనికల కొలతల చట్టమువలన మన దేశమున మీటరు పద్ధతి యేర్పడినది. 2022లో కేంద్రప్రభుత్వము నియమములను సవరించుచు, విడిగా నమ్మబడు తయారుబట్టలకు పెక్కు ప్రకటనలనుండి మినహాయింపు నొసగియు, కొన్నిటిని మాత్రము తప్పనిసరిగా నుంచెను. వానిలో సైజొకటి. యస్సు, యమ్ము, యెల్లు మొదలగు గుర్తులతోబాటు ఆ వివరములను సెంటీమీటరులలోనో మీటరులలోనో తెలుపవలెనని యా నియమము. అక్షరము చాలదు, అంకె కావలెను. ఆ యంకె మీటరు పద్ధతిలో నుండవలెను. ఈ సంగతి నెఱిగిన గిరాకీదారు లెందఱు? అడిగినవా రెందఱు? ఫిర్యాదు చేయదలచినవారికి 1915 అను దేశవ్యాప్తమైన టెలిఫోను సంఖ్యయు గలదు.

ఇది కష్టసాధ్యమైన కోరికయని వర్తకులు చెప్పజాలరు. వారి యంగడిలోనే, అన్నిటికంటె చౌకగా, అడుగుబీరువాలో పడియుండు వస్తువొకటి ఈ సత్యమును చిరకాలమునుండి పాటించుచున్నది. అది చేతులులేని తెల్లబనియను. దాని డబ్బా నెత్తి చూడుడు. 80, 85, 90, 95 అని యుండి, ప్రక్కన సెంటీమీటరు లని స్పష్టముగా వ్రాసియుండును. అది ఱొమ్ముచుట్టు కొలత. దానిని కొనుటకు నెవ్వరును తొడిగి చూడరు; కాగితములో జుట్టించుకొని యింటికి దెచ్చుకొందురు. ఎవరికిని గనబడని బనియను నిజము చెప్పుచుండగా, అందఱికిని గనబడు చొక్కా యేల చెప్పరాదు?

మనుష్యు లందఱును ఒకే మూసలో బోసినవారు కారు గదా, ఒకే పట్టికను అందఱిమీద రుద్దుట తగునా, చిన్న కుట్టుపనివారికి ఇది భారము గాదా యని కొంద ఱాక్షేపింతురు. ఆక్షేపణ మంచిదే. అయితే మేము కోరునది ఒకే యాకారము గాదు. సన్నని చొక్కాను సన్నముగానే కుట్టుకొనవచ్చును. వదులు చొక్కాను వదులుగానే కుట్టుకొనవచ్చును. కిలోను స్థిరపఱచిన చట్టము అందఱును ఒకే బియ్యమును దినవలెనని శాసింపలేదు. సన్నబియ్యము దొడ్డబియ్యము రెండును కలవు. రెంటికిని కిలో యొక్కటియే. అట్లే ఫ్యాషను వారి యిష్టము. కొలత మాత్రము అందఱిది. గుండె ఇన్ని సెంటీమీటరులు, నడుము ఇన్ని, పొడవు ఇన్ని యని చీటీమీద వ్రాయుటకు చిన్న కుట్టుపనివానికి గావలసినది ఒక్క టేపు. అది వానివద్ద నెల్లప్పుడును ఉండనే యుండును.

కావున దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగరు వర్తకులకు మా మనవి యిది. ప్రతి యంగడిలోను అందఱికిని గనబడుచోట నొక టేపును వ్రేలాడదీయుడు. బూట్ల యంగడిలో పాదమును కొలుచు పలక నొకదానిని నేలమీద నుంచుడు. గిరాకీదారుడు అంకె చెప్పినప్పుడు అది మెడయా, ఱొమ్మా, నడుమా యని మీరే యడిగి తెలిసికొనుడు. ఉతికిన దగ్గరకు వచ్చునను మాటను మానుడు. నమ్మకము కలిగిన గిరాకీదారుడు తన తమ్మునిగూడ వెంటబెట్టుకొని వచ్చును.

తల్లిదండ్రులకు మనవి. పెరుగు పిల్లవాడని రెండేండ్లకు సరిపడు బూటును కొనకుడు. అందులో అతడు నడచుటయే కష్టము, పరుగెత్తుట దూరపుమాట. పొడవైన వ్రేలికి ముందు ఇంచుమించు ఒక సెంటీమీటరు ఖాళీ యుండిన జాలును. నడచి తిరుగుటవలన పాదము సాయంకాలమునకు కొంత ఉబ్బును గనుక ఆ వేళనే కొలుచుట మేలు. రెండు పాదములును సమానముగా నుండవు; పెద్దదానిని బట్టి కొనుడు. పిల్లవానిని గూర్చుండబెట్టి కాక నిలువబెట్టి కొలువుడు. బట్టలకు పోవునపుడు సరిపోయిన చొక్కా నొకదానిని పూర్వపు ఆదివలె వెంట దీసికొనిపోయి, క్రొత్తదానిమీద పఱచి, చంకనుండి చంకకు సరిచూచుకొనుడు. తొడిగి చూచుటకు గదిలేని కాలిబాటమీద నైనను ఇది చేయవచ్చును.

విద్యార్థులకు మా మాట. గణితములో ప్రమాణములను నేర్చుకొనునది పరీక్షలో వ్రాయుటకు మాత్రమే కాదు. ప్రతి ఆఱు నెలల కొకమాఱు మీ పాదపు పొడవు, వెడల్పు, ఱొమ్ము, నడుము సెంటీమీటరులలో కొలిచి పుస్తకము చివరిపుటలో వ్రాసికొనుడు. ఇంటిలో అన్నకో తమ్మునికో మీరే కొలువుడు. ఒకరి కొలతను వేఱొకరు చూచి యెగతాళి చేయుట నీచము. ఆ పుట ఎవరి పుస్తకములో వారిదే. అంగడికి బోయినప్పుడు “నా సైజు నలువది” యనుటకు మాఱుగా, “నా ఱొమ్ము తొంబదిరెండు సెంటీమీటరులు; దీనికి దగిన చొక్కా చూపుడు” అని వినయముగా, గట్టిగా బలుకుడు. మొదట అమ్మకపువాడు వింతగా జూచును. పదవవాడు అడుగునాటికి టేపు దీయును. నూఱవవాడు అడుగునాటికి చీటీమీద వ్రాయించును.

పాఠశాలల పెద్దలును ఒక పని చేయగలరు. ఏకరూపవస్త్రములను నల్లబూట్లను ఒకేచోట పెద్దసంఖ్యలో కొనునప్పుడు, అక్షరములతో గాక సెంటీమీటరులతో పట్టిక నిచ్చువారికే కొనుగోలు నియ్యవలెను. వందలకొలది చొక్కాలు కొను గిరాకీదారుని మాటను ఏ వర్తకుడును ద్రోసివేయజాలడు. వచ్చు జూన్ మాసమునకు ముందే ఈ పని మొదలిడుట యుక్తమని మా యభిప్రాయము.